ఊహించని ప్రశ్న ఎదురైనప్పుడు

ఈ ఉదయం ముఖ్యంగా ఉద్యోగం కోసం తిరుగుచున్న యౌవనస్థులతోను, వారి కోసం మోకరించుచున్న తల్లిదండ్రులతోను మాట్లాడ కోరుచున్నాను. మన ధ్యానమునకు వాక్యభాగం నెహెమ్యా గ్రంథం 2వ అధ్యాయం, మొదటి ఎనిమిది వచనములు.

మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. బి.కాం. పాసయ్యాడు. తల్లి తోపుడుబండి మీద కూరగాయలమ్మి చదివించింది. మొదటి ఇంటర్వ్యూకు గైడులోని ప్రశ్నలన్నీ వల్లెవేసుకొని వెళ్లాడు. అక్కడి అధికారి వాటిలో ఒక్కటీ అడగలేదు. "నువ్వు చూసినవారిలో మంచి మేనేజర్ ఎవరు బాబూ?" అన్నాడట. మనసులో మొదట మెదిలింది అమ్మే. కాని సిగ్గుపడి, పత్రికల్లో చదివిన ఒక పెద్ద వ్యాపారవేత్త పేరు చెప్పాడు. "ఆయనలో నీకు నచ్చిందేమిటి?" అనేసరికి నోట మాట రాలేదు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, "అయ్యగారూ, ఉద్యోగం పోయినందుకు కాదు, అమ్మను దాచినందుకు ఏడుపొస్తోంది" అన్నాడు.

ప్రియులారా, ఇలాంటి ప్రశ్నలు కొత్తవి కావు. 1921లోనే థామస్ ఎడిసన్ పని కోరి వచ్చినవారికి నూటికి పైగా ప్రశ్నలిచ్చేవాడు. చాలావాటికి చేయబోయే పనితో సంబంధమే లేదు. ఆ సంవత్సరమే అమెరికా వచ్చిన ఐన్‌స్టీన్‌ను ధ్వని వేగమెంత అని అడిగితే, పుస్తకాల్లో దొరికేదాన్ని తలలో మోయనన్నాడట. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయన్నటువంటి చిక్కుప్రశ్నల వల్ల మంచి పనివారెవరో తెలియదని 2013లో గూగుల్ అధికారి లాజ్లో బాక్ ఒప్పుకొన్నాడు. కాబట్టి ఒక ప్రశ్నకు తడబడితే నీవు పనికిరానివాడవని అర్థం కాదు. అయినా అడిగేవారు అడుగుతూనే ఉన్నారు. మరి మనమేమి చేయాలి?

నెహెమ్యాను చూడండి. షూషను కోటలో అర్తహషస్త రాజుకు గిన్నె అందించేవాడు. ఒకరోజు రాజు, నీకు రోగం లేదు గదా, ముఖం ఎందుకు చిన్నబోయిందని అడిగాడు. నెహెమ్యా మిక్కిలి భయపడ్డాడు. భయం పాపం కాదు. కాని భయపడి అబద్ధమాడలేదు. తన పితరుల పట్టణం పాడైపోయిందని ఉన్నది చెప్పాడు. నీకేమి కావాలని రాజు మళ్లీ అడిగితే, జవాబుకు ముందు దేవునికి ప్రార్థన చేశాడు. గడియలసేపు కాదు, ఒక్క శ్వాసంత. ఆ తరువాత ఎంతకాలం పడుతుందో, ఏ అధికారులకు ఉత్తరాలు కావాలో, అడవి కాచే ఆసాపు నుండి మ్రాను దేనికి కావాలో వివరంగా చెప్పాడు. ఎలా చెప్పగలిగాడు? కిస్లేవు మాసం నుండి నీసాను వరకు ఆ సంగతినే మోశాడు గనుక. ప్రశ్న ఊహించనిదే, హృదయం మాత్రం సిద్ధంగా ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరూ అలాగే చేయండి. కొంచెం ఆగండి. "ఒక్క నిమిషం ఆలోచించి చెబుతానండి" అనడం తప్పు కాదు. విజయవాడలో రోజుకు ఎన్ని కప్పుల టీ తాగుతారని అడిగితే కంగారుపడకండి. పది లక్షలమంది అనుకుందాం, సగంమంది రెండేసి సార్లు తాగితే పది లక్షల కప్పులని పైకి లెక్క వేయండి. వారు చూసేది అంకెను కాదు, మీరు ఆలోచించే దారిని. తెలియకపోతే తెలియదనండి. మీ జీవితం గురించి అడిగితే మీ జీవితాన్నే చెప్పండి.

ఆ తమ్ముడు మరో ఇంటర్వ్యూకు వెళ్లాడు. "ఇల్లు కాలిపోతుంటే ఏ ఒక్క వస్తువు తెచ్చుకుంటావు?" అన్నారట. కొంచెం ఆగి, "మా అమ్మ కూరగాయల బాకీలు రాసే నోటుపుస్తకమండి. ఎవరు మాకివ్వాలో, మేమెవరికివ్వాలో అన్నీ అందులోనే ఉంటాయి" అన్నాడు. ఆ పుస్తకం గురించే పది నిమిషాలు అడిగారట. ఆ ఉద్యోగం వచ్చిందా? రాలేదు. తరువాత వేరొక చోట వచ్చింది. కాని ఆ సాయంత్రం మా గుమ్మం ఎక్కినప్పుడు అతని ముఖం చిన్నబోయి లేదు.

తల్లిదండ్రులారా, ఫలితమేమైందని అడిగే ముందు మీ బిడ్డకు అన్నం పెట్టండి. యౌవనస్థులారా, మిమ్మును పెంచిన చేతులను గూర్చి ఏ బల్ల ముందు కూడా సిగ్గుపడకండి. సత్యము పలుకు ధైర్యమును ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.