పద్దు మారితే బాకీ తీరుతుందా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం చేసే ప్రతి పనికీ వెనుక కారణాలుంటాయి. పుట్టుక, పెంపకం, పరిస్థితులు మనల్ని నడిపిస్తాయి. అటువంటప్పుడు మనిషికి ఇచ్ఛా స్వాతంత్ర్యం ఉందా? తప్పు చేసినవాణ్ణి తప్పుపట్టవచ్చా?

ఇంగ్లండుకు చెందిన హాబ్స్ 1651లో, స్కాట్లండుకు చెందిన హ్యూమ్ 1748లో దీనికొక దారి చూపారు. కోరికకు కారణాలుంటే ఉండనీ, ఎవరి అడ్డూ లేకుండా ఆ కోరిక ప్రకారం నడుచుకోగలిగితే అదే స్వేచ్ఛ అన్నారు. ఈ అర్థం ఒప్పుకుంటే మనకు స్వేచ్ఛ ఉన్నట్టే. జర్మనీ తత్త్వవేత్త కాంట్ 1788లో దీన్ని గట్టిగా ఆక్షేపించాడు. కీ ఇచ్చాక తనంతట తాను తిరిగే యంత్రానికీ అంతపాటి స్వేచ్ఛ ఉంటుంది కదా అని ఆయన అభ్యంతరం.

నేను లెక్కల విభాగంలో పనిచేసినవాణ్ణి. ఒక పద్దులోని మొత్తాన్ని మరో పద్దుకు మారిస్తే మొదటి పద్దు సున్నా అవుతుంది గాని, బాకీ తీరదు. ఇక్కడా అంతే. అయితే పద్దు మార్చడం దండగ కాదు. ఏది ఏ లెక్కో దానివల్ల తెలుస్తుంది.

సర్వీసులో ఉండగా ఒక గుమాస్తాపై విచారణ చేశాను. వసూలైన సొమ్ము రెండు రోజులు సొంతానికి వాడుకుని తిరిగి కట్టాడు. ఎవరూ బలవంతపెట్టలేదని తానే ఒప్పుకున్నాడు. ఒక ఇంక్రిమెంటు ఆపమని రాశాను. హ్యూమ్ చెప్పిన అర్థం ఆ శిక్షకు చాలు. ఆఫీసు నడవాలంటే అంతమాత్రం బాధ్యత ఉండాలి.

కాని చివర్లో, నిబంధనలు అడగని వాక్యం ఒకటి చేర్చాను: "ఇతడు నమ్మదగిన మనిషి కాడు." అతని ఇల్లు, అతని అవసరం, అతని స్వభావం నాకే ఉండి ఉంటే నేను వేరుగా నడుచుకునేవాణ్ణా? ఆ ప్రశ్నకు ఏ నిర్వచనమూ జవాబు చెప్పలేదు. జవాబు తెలియనప్పుడు ఆ వాక్యం రాసే హక్కు నాకు లేదు. రిటైరైనా అది నన్ను వదల్లేదు.

మిత్రులారా! అర్థం మార్చితే ప్రశ్న తీరిపోదు, రెండుగా విడిపోతుంది. చేసిన పనికి బాధ్యత అడగవచ్చా? అడగవచ్చు. మనిషినే తూచి పారేయవచ్చా? అది తేలలేదు. ఇంట్లో కొడుకునో కోడలినో మాట అనబోయే ముందు ఈ రెండు పద్దులూ కలపకుండా చూసుకుందాం.