బరువు తగ్గుటకు ఉపవాసములు, ఆహారనియమములు
(అంకులిలో మన పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

 

ఏటేటా ఈ వేదికపై మాతృభాషను గూర్చియో, పరీక్షా ఫలితములను గూర్చియో మాటలాడుట మాకు వాడుక. ఈ యేడు శరీరపు బరువును గూర్చి మాటలాడ నెంచితిమి. నవ్వించుటకై ఈ విషయమును ఎన్నుకొనలేదు. దీనికి రెండు కారణములు కలవు.

మధుమేహమునకు మాత్రలు వాడుచున్న మా సహోపాధ్యాయులొకరు బరువు తగ్గవలెనని ఎవరికిని చెప్పక ఉపవాసము మొదలుపెట్టిరి. భోజనము మానిరి గాని మాత్ర మానలేదు. మూడవనాడు నల్లబల్లపై వ్రాయుచుండగా చేయి వణకి, చెమటలు పట్టి, మాట తడబడి కుర్చీలో కూలబడిరి. పిల్లలు పరుగున వచ్చి చెప్పిరి. ఒక ఉపాధ్యాయిని విషయము గ్రహించి వెంటనే పంచదార నీరు త్రాగించుటచే ప్రమాదము తప్పినది. ఇది మొదటి కారణము. పై తరగతుల బాలికలు కొందరు మధ్యాహ్నము డబ్బా మూతయైనను తీయక ఇంటికి మోసికొని పోవుచున్నారు. ఉదయ ప్రార్థనలో ఒక బాలిక కండ్లు తిరిగి పడిపోయినది. కారణమడుగగా, తోటివారు తనను బొద్దుగా నున్నావని ఎగతాళి చేసిరని చెప్పినది. ఇది రెండవ కారణము.

మొదట, ఎవరు బరువు తగ్గవలెనో తెలిసికొందము. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుచే హెచ్చించగా వచ్చిన సంఖ్యతో భాగింపవలెను. పెద్దవారైన భారతీయులకు ఈ ఫలితము 23 మొదలు అధిక బరువు, 25 మొదలు స్థూలకాయమని మన వైద్యనిపుణులు నిర్ణయించిరి. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. మనవారికి తక్కువ బరువుననే మధుమేహము, గుండెజబ్బు వచ్చుటయే ఈ భేదమునకు హేతువు. 160 సెంటీమీటర్ల ఎత్తుగలవారు సుమారు 59 కిలోలలోపు ఉన్నచో చింత లేదు. 64 కిలోలు దాటినచో జాగ్రత్త అవసరము. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఎదుగుచున్న పిల్లలకు ఈ లెక్క వర్తింపదు. వారికి వయస్సును బట్టి వేరు పట్టికలు కలవు. కావున బాలికలు అద్దమును చూచియో, స్నేహితురాండ్ర మాట వినియో తమ బరువును నిర్ణయించుకొనరాదు.

ఇది కలవారి యిండ్ల సమస్య యని కొట్టివేయుటకు వీలులేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున స్త్రీలలో 24 శాతము, పురుషులలో 23 శాతము అధిక బరువు కలవారు. ఆ సర్వే లెక్కకు తీసికొన్న హద్దు 25. మన హద్దగు 23తో లెక్కించినచో సంఖ్య ఇంకను పెరుగును. 1866 నాటి మహాక్షామమున ఒడిశా, గంజాం ప్రాంతములందు జనులు అన్నము లేక మడిసిరి. అట్టి నేలపై నేడు అన్నము ఎక్కువై వచ్చు వ్యాధులను గూర్చి మాటలాడవలసి వచ్చినది. ఆకలి పూర్తిగా పోయినదని మా భావము కాదు. ఒకే వీధిలో రెండును ఉన్నవి.

ఉపవాసము మనకు క్రొత్త కాదు. ఏకాదశులు, కార్తిక సోమవారములు, శివరాత్రి మన యిండ్లలో ఉన్నవే. మన ఒడియా సోదరులలో పెద్ద వయస్సు స్త్రీలు కార్తికమంతయు హవిష్యాన్నముతో గడుపుదురు. ఆ నెలలో మత్స్యమాంసములు ముట్టని యిండ్లు అనేకము. కాని కార్తిక పూర్ణిమ మరునాడు 'ఛాడఖాయి' అని మాంసపు అంగళ్లయొద్ద తెల్లవారకముందే బారులు తీరుదురు. మనవారును అందు వెనుకబడరు. వ్రతము భక్తికి సంబంధించినది, దానిని మేము విమర్శింపము. బరువు విషయమునకు వచ్చునప్పటికి మాత్రము ఛాడఖాయి మనకొక పాఠము చెప్పుచున్నది. నెల దినములు బిగబట్టిన నోరు ఒక్కదినమున అంతయు రాబట్టుకొనును. ఏకాదశినాడు అన్నము మాని, నేతితో ఉప్మా, వేయించిన చిలగడదుంపలు, అరటిపండ్లు భుజించువారి ఉపవాసము భోజనముకంటె బరువైనది.

మన ప్రాచీన వైద్యులు ఈ సంగతి ఎరుగుదురు. చరకసంహిత మిక్కిలి స్థూలకాయుని, మిక్కిలి కృశించినవానిని ఒకే అధ్యాయమున చేర్చి ఇద్దరికిని కష్టములున్నవని చెప్పినది. స్థూలకాయునకు ఆ గ్రంథము విధించినది శుద్ధోపవాసము కాదు. ఆలస్యముగా జీర్ణమై, కొద్దిపాటి పుష్టినే ఇచ్చు ఆహారము పెట్టుమన్నది. కడుపు నిండవలెను, కొవ్వు చేరరాదు. నేటి శాస్త్రము పీచుపదార్థమును గూర్చి చెప్పుమాట దీనికి దగ్గరగానే యున్నది.

పాశ్చాత్య దేశములందు ఈ ఉద్యమమునకు పేరు తెచ్చినవాడు విలియం బాంటింగ్ అను లండను నివాసి. శవపేటికలు సమకూర్చుట ఆయన వృత్తి. రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మాని తాను సుమారు 20 కిలోలు తగ్గిన విధమును 1863లో చిన్న పుస్తకముగా వెలువరించెను. ఆంగ్లమున ఆయన పేరే బరువు తగ్గుటకు క్రియాపదమైనది. జర్మనీలో లూయీ కూనే ప్రకృతిచికిత్సను ప్రచారము చేయగా, ఆయన గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మగారు 1894లోనే తెనిగించిరి. ఈ విషయమున తెలుగువారు వెనుకబడలేదు.

మన కాలమున తెలుగునాట మూడు మార్గములు మిక్కిలి ప్రచారము నందినవి. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారమును బోధించిరి. వీరమాచనేని రామకృష్ణగారు అన్నము, గోధుమ, పంచదార మాని కొబ్బరినూనె వంటి కొవ్వులను, నిమ్మకాయలను, సమృద్ధిగా నీటిని తీసికొనుమనిరి. మైసూరు వాస్తవ్యులును, 2023లో పద్మశ్రీ పొందినవారును అగు ఖాదర్‌వలీగారు కొఱ్ఱలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొఱ్ఱలు తినుమనిరి. ఒకరు నూనె వలదనగా ఒకరు నూనెయే ముఖ్యమనిరి. ఒకరు ధాన్యము మానుమనగా మరొకరు ధాన్యము మార్చుమనిరి. మూడింటను తగ్గినవారున్నారు. ఇది యెట్లు సాధ్యము?

సమాధానము కష్టమైనది కాదు. ఈ మార్గములన్నిటను పంచదార, మైదా, మిఠాయి, అంగడి చిరుతిండి తొలగుచున్నవి. అడిగినప్పుడెల్ల తినుట తప్పుచున్నది. మొత్తముమీద లోనికి పోవు శక్తి తగ్గుచున్నది. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు వర్గములుగా చేసి, ఒకరికి కొవ్వు తక్కువ ఆహారమును, ఒకరికి పిండిపదార్థము తక్కువ ఆహారమును ఏడాదిపాటు నియమించిరి. మొదటివారు సగటున 5.3 కిలోలు, రెండవవారు 6 కిలోలు తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదు. 2022లో చైనాలో 139 మందిపై జరిగిన పరీక్షలో, ఉదయము 8 గంటలనుండి సాయంకాలము 4 గంటలలోపున మాత్రమే తినిన వర్గమునకును, అంతే మితముగా ఇష్టమైన వేళలందు తినిన వర్గమునకును ఏడాది చివర చెప్పుకోదగిన తేడా కనబడలేదు. గడియారముకంటె పళ్లెమే ముఖ్యమని దీనివలన తేలినది.

'మొదటి వారముననే మూడు కిలోలు పోయినవి గదా' యని అడుగువారున్నారు. మన కాలేయమునందును, కండరములందును పిండిపదార్థము కొంత నిలువయుండును. అందులో ప్రతి గ్రామునకును సుమారు 3 గ్రాముల నీరు అంటియుండును. తిండి మానగనే ఆ నిలువ కరగి నీరు బయటికి పోవును. తరాజుపై అంకె దిగును, కొవ్వు అంతగా దిగదు. మరల అన్నము తినగనే ఆ నీరు తిరిగి వచ్చును. ఒక కిలో కొవ్వు కరగుటకు సుమారు 7,700 కేలరీలు లోటుపడవలెను. దినమునకు 500 తగ్గించినచో మొదట వారమునకు అరకిలో చొప్పున తగ్గును, తరువాత వేగము మందగించును. అంతకు మించి వేగమును వాగ్దానము చేయువారిని సందేహింపుడు.

అతిగా మాడ్చుకొనుటవలన కలుగునది కూడ పరీక్షింపబడినది. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, యుద్ధపీడితులకు తిరిగి తిండి పెట్టు పద్ధతి కనుగొనుటకై, తమంతట తాము ముందుకు వచ్చి 24 వారములు అర్ధాకలితో నుండిరి. వారి బరువు నాలుగవ వంతు పోయినది. దానితోపాటు ఉత్సాహము, నిద్ర, స్నేహము కూడ పోయినవి. కొందరు వంటల పుస్తకములు ముందుంచుకొని కూర్చుండిరి. పరీక్ష ముగిసిన పిదప ఎంత తినినను ఆకలి తీరక, పలువురికి మునుపటికంటె ఎక్కువ కొవ్వు చేరినది. దేహము కరవును మరచిపోదు.

స్కాట్లండులో ఆంగస్ బార్బియెరీ అను యువకుడు 1965-66లో 382 దినములు అన్నపానీయములలో అన్నమును పూర్తిగా విడిచి 207 కిలోలనుండి 82 కిలోలకు దిగెను. ఈ కథను చెప్పువారు, ఆయనను వైద్యులు పరీక్షించుచు విటమినులు, లవణములు ఇచ్చుచుండిరని చెప్పరు. ఆ దశాబ్దముననే వైద్యుల కనుసన్నల ఉపవసించిన మరికొందరు మరణించిరనియు చెప్పరు. పొట్టి శ్రీరాములుగారు 1952లో 58 దినములు నిరాహారులై ప్రాణము విడిచిరి. దీర్ఘనిరాహారము ప్రాణముతో కూడిన వ్యవహారమని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కావున మధుమేహమునకు మందు వాడువారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల వ్యాధి గలవారు, వృద్ధులు, ఎదుగు పిల్లలు వైద్యుని అడుగక ఏ ఉపవాసమును, ఏ విపరీత నియమమును పట్టరాదు. చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు, ఇన్సులిను తిండి లేనప్పుడు కూడ తమ పని తాము చేయును. మా మిత్రునికి జరిగినది అదియే. 2025లో మన దేశపు విపణికి వచ్చిన బరువు తగ్గించు సూదిమందులకును ఇదే నియమము. అవి వైద్యుడు వ్రాయవలసినవే గాని పొరుగువారు చెప్పవలసినవి కావు.

ఇచ్చట మన సంఘమువారితో ఒక మాట మనవి చేయవలెను. మనము తెలుగునాటికి వెలుపల నున్న తెలుగువారము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడినది మొదలు మన పిల్లలకు తెలుగు అక్షరము దక్కించుటకై ఎంత శ్రమపడుచున్నామో మీరెరుగుదురు. అంగడిలో, కచేరీలో, ఆసుపత్రిలో అన్యభాషతో నెగ్గుకొని ఇల్లు చేరిన మనకు, చేతిలోని ఫోనులో కమ్మని తెలుగుమాట వినబడగనే ప్రాణము లేచివచ్చును. మాట మనదైనందున మందు కూడ మనదే యని నమ్ముదుము. ఈ నమ్మకము సహజము, కాని ప్రమాదకరము. ఫోనులో మాటలాడువారికి మీ చక్కెర ఎంతో, మీ రక్తపుపోటు ఎంతో తెలియదు. ఒడియాలో మాటలాడినను, మీ నాడి చూచి చెప్పు వైద్యుని మాటయే మేలు. ఆయన చెప్పినది అర్థము కానిచో భయపడక మరల అడుగుడు. ఇంటి పెద్దలకు భాష చాలనిచో, రెండు భాషలు నేర్చిన మన విద్యార్థులు వెంట పోయి వివరింపవలెను. రెండు భాషలు వచ్చుటవలని లాభము ఇంతకంటె వేరేమి కలదు?

మరి చేయదగినదేమి? ఖర్చులేని కొన్ని పనులు చెప్పెదము. పచ్చి బియ్యము 100 గ్రాములలో సుమారు 350 కేలరీలున్నవి. చిన్న చెంచాడు నూనెలో 45 ఉన్నవి. దినమునకు ఒక పిడికెడు బియ్యము, రెండు చెంచాల నూనె తగ్గించి, ఆ చోటును కూరలు, ఆకుకూరలు, పప్పుతో నింపుడు. దినమునకు 400 గ్రాములకు తగ్గకుండ కూరలు, పండ్లు తినుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పళ్లెమున కూర వెనుక అన్నము వడ్డించుకొనుడు. మన వీధిలో దొరకు చోళ్లు ఉన్నవి గదా. ఒడియావారి మండియా జావయు, మన చోడి అంబలియు ఒకటే. ఖరీదైన పొట్లములకై దూరము పోనక్కరలేదు. అయితే చోళ్లును ధాన్యమే, మితము తప్పదు. చద్దన్నము మంచిదే, దాని ప్రక్కన అరడజను వేయించిన అప్పడములు పెట్టుకొనినచో ఫలము లేదు. బరంపురపు అప్పడములకును ఊరగాయలకును ఉన్న కీర్తి మనకు గర్వకారణమే. అందలి ఉప్పును, నూనెను మాత్రము మరువరాదు. పంచదార వేసిన తేనీరు నాలుగు మారులు త్రాగువారు రెండు మారులకు దిగుడు. దినమునకు అరగంట చురుకుగా నడువుడు. నడకవలన బరువు కొద్దిగానే తగ్గినను, తగ్గిన బరువు నిలుచును.

ఏ నియమము పట్టుటకు ముందైనను మిమ్ము మీరు ఒక ప్రశ్న వేసికొనుడు: 'ఇది పది సంవత్సరములు ఆచరింపగలనా?' లేదన్న సమాధానము వచ్చినచో ఆ నియమము తగ్గించిన బరువు కూడ నిలువదు.

చివరగా విద్యార్థులతో ఒక మాట. తోటివారి ఆకారమును గూర్చి ఎగతాళి ఈ పాఠశాల ఆవరణలో జరుగరాదు. మీరు తేలికగా అనిన మాట ఒకరి మధ్యాహ్న భోజనమును హరించుచున్నది. ఎవరైన డబ్బా తెరువక కూర్చుండినచో వారి ప్రక్కన కూర్చుండి కలసి తినుడు. బాలికలారా, మీ ఎముకలు, రక్తము, చదువు ఈ వయస్సుననే కట్టబడుచున్నవి. దిగులున్నచో ఉపాధ్యాయినులతో చెప్పుడు. వారు మీ మాట వినుటకు సిద్ధముగా నున్నారు. తల్లులారా, ఇంట అందరికిని వడ్డించి మిగిలినది తినుట, మిగులకున్న పస్తుండుట వ్రతము కాదు. మీరును వారితోపాటు కూర్చుండి భుజింపుడు. దానిని చూచి మీ కుమార్తెలు నేర్చుకొందురు.

 సభ ముగిసిన పిదప సంఘమువారు ఫలాహారము ఏర్పాటు చేసిరి. మా ప్రసంగమును విని ఎవరును దానిని మానవలదు. మితముగా, ఆనందముగా స్వీకరింపుడు. సెలవు.