ఒక పాత్ర, పెక్కురు నటులు

రంగస్థలముపై ఒక పాత్రను ఏండ్ల తరబడి ధరించిన నటుడు వార్ధక్యముచేతనో, వ్యాధిచేతనో ఇక నటింపలేని స్థితికి వచ్చినచో ఆ పాత్ర ఏమి కావలయును? ఈ ప్రశ్న నాటకమంత ప్రాచీనమైనది. లోకము దీనికి సాధారణముగా మూడు సమాధానములు చెప్పినది. నటునితోపాటు నాటకమును ఆపివేయుట ఒకటి. అతని పోలికలు, గొంతు, నడక గల మరియొకనిని వెదకి తెచ్చి, ప్రేక్షకులు గుర్తింపకుందురు గాక అని కోరుకొనుట రెండవది. మార్పు జరిగినదని అందరికిని తెలిసియు ఎవరును దానిని గూర్చి మాటాడకుండుట మూడవది. మన పద్యనాటకములలో ఈ మూడవ పద్ధతి మిక్కిలి సహజముగా సాగినది. పడకసీనులో ఒకరు, రాయబారములో మరియొకరు కృష్ణ వేషము ధరించినను, సభలోనివారు ఇరువురి పద్యములను విని ఆనందింతురే కాని, కృష్ణుని ముఖము ఎట్లు మారినదని అడుగరు.

1966వ సంవత్సరమున ఇంగ్లండులో ఒక టెలివిజన్ ధారావాహిక ఈ ప్రశ్నకు నాలుగవ సమాధానము చెప్పినది. నటుడు మారుటనే కథలో ఒక సంఘటనగా చేసినది. ఆ ధారావాహిక పేరు ‘డాక్టర్ హూ’. అందలి ప్రధాన పాత్రను తీర్చిన నటులే నా ప్రసంగ విషయము.

బి.బి.సి. ఈ ధారావాహికను 1963 నవంబరు 23వ తేదీ శనివారము సాయంకాలమున ప్రారంభించెను. అంతకు ముందు దినముననే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగినందున ప్రజల మనస్సులు వేరొకచోట ఉండెను. మొదటి భాగమును మరుసటి వారము తిరిగి ప్రసారము చేయవలసి వచ్చెను. ఈ కార్యక్రమమునకు బీజము వేసినవారిలో ముఖ్యుడు, నాటక విభాగమునకు అధిపతియైన సిడ్నీ న్యూమన్, కెనడా దేశీయుడు. నిర్మాతగా నియుక్తురాలైన వెరిటీ లాంబర్ట్ 27 ఏండ్ల యువతి. మొదటి కథకు దర్శకత్వము వహించిన వారిస్ హుసేన్ మన లక్నోలో జన్మించినవారు. నాటికి ఆయనకు 25 ఏండ్లు నిండలేదు.

కథానాయకునికి పేరు లేదు. అందరును అతనిని డాక్టరు అని పిలుతురు. అతడు అన్యలోకవాసి. వెలుపల పోలీసువారి టెలిఫోను పెట్టెవలె కనబడుచు, లోపల విశాలమైన మందిరమువలె ఉండు ఒక యంత్రములో అతడు కాలమునందును ఆకాశమునందును సంచరించును. ఇంత మాత్రమే రచయితలు ఇచ్చినది. తక్కినదంతయు నటులు ఇచ్చినదే.

మొదటి డాక్టరు విలియం హార్ట్‌నెల్. ఆయనకు అప్పుడు 55 ఏండ్లు. అంతవరకు చలనచిత్రములలో కరకు సైనికాధికారులుగా, దుష్టులుగా పేరు పొందినవారు. ఆయన తీర్చిన డాక్టరు మొదట ముక్కోపి, అనుమానపు మనిషి, ఒకింత స్వార్థపరుడు. క్రమముగా ఆ కాఠిన్యము కరగి, పిల్లలకు తాతగారి వంటి వాత్సల్యమూర్తి ఆయెను. హార్ట్‌నెల్ ఈ వేషమును పిల్లల ఆటగా భావింపలేదు. యంత్రములో ఏ మీట నొక్కిన ఏమి జరుగునో తమకు తామే నిర్ణయించుకొని, ప్రతి భాగమునందును ఆ క్రమము తప్పక పాటించెడివారు. బాలప్రేక్షకుల కన్ను మిక్కిలి నిశితమైనదని ఆయన ఎరుగుదురు.

కాని రక్తనాళములు గట్టిపడు వ్యాధి ఆయనను ఆవహించెను. సంభాషణలు జ్ఞాపకముండక తడబడసాగిరి. 1966 అక్టోబరు 29వ తేదీన ప్రసారమైన కథాభాగముతో ఆయన నిత్యనటన ముగిసెను. ధారావాహిక జనాదరణ పొందుచుండగా దానిని ఆపుటకు సంస్థకు మనస్సు ఒప్పలేదు. అప్పటి నిర్మాత ఇన్నెస్ లాయిడ్, కథా సంపాదకుడు జెర్రీ డేవిస్ ఆలోచించి ఒక ఉపాయము కనుగొనిరి. డాక్టరు మానవుడు కాడు గదా! దేహము అరిగిపోయినప్పుడు అతడు మరణింపక, మరియొక దేహముతో, మరియొక స్వభావముతో లేచునని వారు కల్పించిరి. ఈ మార్పునకు మొదట స్థిరమైన పేరైన లేదు. ‘రీజెనరేషన్’ అను మాట 1974లో గాని కథలోనికి రాలేదు. ఒక నటుని అస్వస్థత నుండి పుట్టిన ఈ ఉపాయమే ఆ ధారావాహికకు ప్రాణాధారమైనది.

అయితే ఉపాయము కాగితముపై వ్రాయుట సులభము. దానిని నమ్మించుట నటుని భారము. ఆ భారమును మోసినవారు ప్యాట్రిక్ ట్రౌటన్. నాడు ఆయన యెదుట రెండు త్రోవలు ఉండెను. హార్ట్‌నెల్‌ను అనుకరించినచో నకలు అందురు; పూర్తిగా భిన్నముగా చేసినచో వీడు డాక్టరు కాడందురు. ఆయన రెండవదానినే ఎన్నుకొనిరి. నెరసిన జుట్టు గల గంభీర వృద్ధుని స్థానమున, వదులు కోటు, నలిగిన లాగు, చేత పిల్లనగ్రోవి గల ఒక దేశదిమ్మరి ప్రత్యక్షమాయెను. వెఱ్ఱివానివలె కనబడుచు, ఎదుటివాని లోతును కొలుచుట అతని ప్రత్యేకత. ఆయన మొదటి కథను వ్రాసినవారు ప్రేక్షకుల సందేహమును దాచక, దానిని డాక్టరు వెంటనున్న వారి నోటనే పలికించిరి. ఒకడు ఇతడు డాక్టరు కాడనును, ఒకతె కావచ్చుననును. చివరకు అతనిని ముందుగా గుర్తుపట్టినది అతని శత్రువైన డాలెక్ అను లోహరాక్షసి. మిత్రులు సందేహించిన చోట శత్రువు గుర్తించుటలో చక్కని ఔచిత్యము కలదు.

నా మనస్సునకు ఇందు ముఖ్యముగా తోచున దేమనగా: ట్రౌటన్ పూర్వనటుని రూపమును విడిచిరి గాని పాత్ర ధర్మమును విడువలేదు. ఆయుధము కంటె బుద్ధిని నమ్ముట, ఎరుగని లోకమును చూడవలెనను ఆసక్తి, బలహీనుల పక్షమున నిలుచుట — ఇవి నిలిచినవి. ముఖము, మాట, దుస్తులు, నడక — ఇవి పోయినవి. ఏవి పోదగినవో, ఏవి పోరానివో ఆ మూడేండ్లలో తేలిపోయినది. ట్రౌటన్ విఫలులై యుండినచో డాక్టరు హార్ట్‌నెల్‌తోనే గతించి యుండును.

1970లో ధారావాహిక రంగుల చిత్రమైనది. ఆ యేడు వచ్చిన జాన్ పెర్ట్వీ రేడియో హాస్యములో ఆరితేరినవారు. హాస్యము కురిపించునని అందరును ఎదురుచూడగా, ఆయన మఖమలు కోటు ధరించి, పాతకాలపు మోటారుకారు నడపుచు, సాహసవీరుడైన డాక్టరును నిలిపిరి. 1974లో ఆయన స్థానమునకు వచ్చిన టామ్ బేకర్ యౌవనమున కొన్ని యేండ్లు క్రైస్తవ మఠములో గడిపినవారు. ఈ వేషము లభించునాటికి కట్టడపు పనిలో కూలిగా ఉన్నవారు. పొడవైన మెడగుడ్డ, పెద్ద కన్నులు, ఊహింపరాని చిరునవ్వు — ఆయన డాక్టరును నిజముగా ఈ లోకపు వాడు కానివానినిగా చేసిరి. 1981 వరకు ఏడేండ్లు ఆయన ఈ పాత్రలో ఉండిరి. టెలివిజన్‌లో అంత దీర్ఘకాలము ఎడతెగక దీనిని ధరించినవారు మరియొకరు లేరు.

అంత ప్రసిద్ధుని తరువాత వచ్చుట కత్తిమీద సాము. పీటర్ డేవిసన్ బేకర్‌తో పోటీ పడలేదు. ఆయన డాక్టరు యువకుడు, సున్నిత హృదయుడు, తప్పిపోగలవాడు. 1984లో ఆయన తుది కథయందు విషమునకు విరుగుడు ఒక్కరికి మాత్రమే చాలును. కొత్తగా పరిచయమైన ఒక బాలికకు దానిని త్రాగించి డాక్టరు తాను కూలిపోవును. బేకర్ మహిమను చూపిన చోట డేవిసన్ త్యాగమును చూపిరి. ప్రతి నటుడును తనకు ముందటి నటునికి ఈ విధముగా బదులు చెప్పుచు వచ్చెను.

అన్ని మార్పులును ఫలింపలేదని కూడ చెప్పవలయును. కాలిన్ బేకర్‌కు కంటికి వెరపుగొలుపు రంగుల కోటును, తొలి కథలోనే తన సహచరి గొంతు నులుమబోవు డాక్టరును ఇచ్చిరి. 1985లో ధారావాహికను నెలల తరబడి నిలిపివేసిరి. 1986లో ఆయనను తొలగించిరి. తన పాత్ర ముగింపు దృశ్యమునకు ఆయన తిరిగిరాలేదు. తరువాతి నటుడు సిల్వెస్టర్ మెకాయ్ కృత్రిమ కేశములు ధరించి ఆ ఒక్క దృశ్యమును తామే జరుపవలసి వచ్చెను. రచనలోని లోపమునకు నటుడు మూల్యము చెల్లించిన సందర్భమిది. మెకాయ్ కాలమున కథలు గాఢమైనను ప్రేక్షకులు తగ్గిరి. 1989 డిసెంబరు 6వ తేదీతో 26 యేండ్ల ధారావాహిక ఆగిపోయినది.

ఇచ్చట శ్రవ్యమాధ్యమము చేసిన సేవను స్మరింపక తప్పదు. తొలి యేండ్ల భాగములను బి.బి.సి. వారు పెక్కింటిని చెరిపివేసిరి. తొంబదికి పైగా భాగముల చిత్రములు పూర్ణరూపమున దొరకలేదు. నేను పైన చెప్పిన ట్రౌటన్ తొలి కథ అట్లు పోయినవానిలోనిదే. కాని వాని ధ్వని మాత్రము నిలిచినది. నాటి ప్రేక్షకులు కొందరు టెలివిజను ముందు టేపు రికార్డరు ఉంచి, ప్రసారమగు మాటలను పట్టి ఉంచిరి. చరిత్రలోని ఆ గొప్ప సంధిఘట్టమును నేడు మనము పూర్ణరూపమున చూడలేము, వినగలము. అట్లే 1996లో ఒకే ఒక టెలివిజన్ చిత్రములో డాక్టరుగా కనబడి మాయమైన పాల్ మెగాన్, 2001 నుండి శ్రవ్యనాటకములలో ఆ పాత్రను కొనసాగించి, కేవలము గొంతుతో దానికి సంపూర్ణత చేకూర్చిరి. తెరపై న్యాయము జరుగని కాలిన్ బేకర్ కూడ శ్రవ్యనాటకములలోనే తమ డాక్టరు ఎట్టివాడో చూపగలిగిరి.

2005 మార్చి 26వ తేదీన ధారావాహిక మరల ప్రారంభమైనది. క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్ నల్లని తోలు కోటుతో, ఉత్తర ఇంగ్లండు యాసతో, యుద్ధములో సర్వమును కోల్పోయిన డాక్టరుగా వచ్చిరి. ఒక్క యేటిలో ఆయన వీడిపోగా, డేవిడ్ టెన్నంట్ వచ్చి పాత్రను కొత్త తరమునకు ప్రియతమము చేసిరి. 2010లో వచ్చిన మాట్ స్మిత్ నియమితులైనప్పుడు 26 ఏండ్లవారు. పిన్న శరీరములో ముదుసలి మనస్సును చూపుట ఆయన విద్య. ఆయన తరువాత వచ్చిన పీటర్ కపాల్డి నియమితులైన వయస్సు, హార్ట్‌నెల్ ఆరంభించిన వయస్సు, రెండును 55. కపాల్డి 15 ఏండ్ల బాలుడుగా ఈ ధారావాహికను మెచ్చుకొనుచు వ్రాసిన లేఖ 1974లో ‘రేడియో టైమ్స్’ అను కార్యక్రమ పత్రికలో అచ్చైనది. టెన్నంట్ కూడ చిన్ననాట ఈ పాత్రను చూచియే నటుడు కావలెనని సంకల్పించినవారు. ప్రేక్షకులే కాలక్రమమున పాత్రధారులైరి.

2017లో ఈ పాత్ర జోడీ విట్టకర్ అను నటీమణికి లభించినప్పుడు అభ్యంతరములు బయలుదేరినవి. డాక్టరు స్త్రీ ఎట్లగునని కొందరు అడిగిరి. 1986లోనే సిడ్నీ న్యూమన్ ఈ వేషమును స్త్రీకి ఇచ్చుట మేలని బి.బి.సి. వారికి సూచించి యుండెను. ముఖము, వయస్సు, స్వభావము మారవచ్చునని 1966లో అంగీకరించిన పిదప, ఈ ఒక్కటి మారరాదనుటకు కథలో ఆధారము లేదు. 2023లో ర్వాండాలో జన్మించి స్కాట్లండులో పెరిగిన న్‌చూటీ గాట్వా డాక్టరై, 2025 వరకు నటించిరి. ట్రౌటన్‌ను ‘వీడు డాక్టరు కాడు’ అన్న సందేహమే ప్రతి తరమునందును కొత్త రూపము దాల్చుచున్నది. దానికి వాదముచేత కాక నటనచేతనే సమాధానము లభించుచున్నది.

నటుడు తన పాత్రను తన సొత్తుగా భావించుట సహజము. ఈ పాత్రయందు మాత్రము అతడు అద్దెకున్నవాడు. ఇల్లు తనదికాదని తెలిసియు, ఉన్నన్నినాళ్లు దానిని తన రుచి ప్రకారము తీర్చి, తలుపు తీసి ఉంచి వెళ్లవలయును. హార్ట్‌నెల్ ఆ తలుపును ఇష్టపడి తీసినవారు కారు. వ్యాధి ఆయనచేత తీయించినది. అయినను 1972లో, దేహము శిథిలమై యుండగా, తన తరువాతి ఇద్దరు డాక్టరులతో కలిసి నటించుటకు ఆయన ఒప్పుకొనిరి. మాటలు గుర్తుండనందున కూర్చుండి, యెదుట పెట్టిన అట్టలపై చదివి పలికిరి. ఆ కథ ప్రసారమైన రెండేండ్లకు, 1975లో, ఆయన కీర్తిశేషులైరి. ఆయన తెరచిన ద్వారము నేటికిని మూయబడలేదు.