ఇంటి గడప నుంచి రైలు మెట్టు దాకా

(కావలిలో జరిగిన ఒక మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'వృద్ధ మహిళలు - నివాస హక్కు' అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. సరేనని ఒప్పుకున్నాను గానీ, ఆలోచించిన కొద్దీ నివాసం గురించి మాత్రమే మాట్లాడితే సగమే మాట్లాడినట్టవుతుందని అనిపించింది. ఇల్లున్న మనిషి ఆ ఇంట్లోంచి బయటికి రాలేకపోతే దాన్ని ఇల్లనాలా, ఇంకేమైనా అనాలా? అందుకని ఇవాళ ఇంటి గురించీ, ఆ ఇంటి నుంచి బస్సుకూ రైలుకూ పోయే దారి గురించీ కలిపి మాట్లాడతాను.

నాది బోగోలు. బయటివాళ్ళకు బోగోలంటే తెలియదు, బిట్రగుంట స్టేషనంటే తెలుస్తుంది. నా చిన్నప్పుడు అక్కడ బొగ్గు ఇంజన్ల షెడ్డుండేది. మా నాయన ఫైర్‌మన్. మేం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందొక వేపచెట్టు. ఆ ఇంట్లో గొప్పేమీ లేదు. దాని గొప్పంతా అది ఉన్న చోటులోనే ఉంది. బడి, ఆసుపత్రి, అంగళ్ళు, స్టేషను అన్నీ నడిచి పోయే దూరమే. మా అమ్మ చదువుకోలేదు. అయినా వంట ముగించి, కొంగు సర్దుకొని, పాసింజరెక్కి, నెల్లూరులో పని చూసుకొని పొద్దుగూకే లోపల ఇంటికొచ్చేది. మద్రాసు పెరంబూరులో ఉన్న మా పిన్నమ్మను చూడటానికి ఎవరి అనుమతీ అడిగేది కాదు. ఎవరినీ తోడు రమ్మనేది కాదు. స్వేచ్ఛ అనే మాట ఆమెకు తెలియదు, కానీ స్టేషను పక్కన ఇల్లుండటమంటే ఏమిటో తెలుసు.

1979-80లో ఈ మార్గంలో కరెంటు లైను వచ్చింది. తర్వాత బొగ్గు ఇంజన్ల కాలం ముగిసింది, షెడ్డు మూతపడింది. వేల కుటుంబాల ఊరు పలచబడింది. నాయన పోయాక, నియమం ప్రకారం మేం క్వార్టరు ఖాళీ చేశాం. ఉద్యోగి పేర వచ్చిన ఇల్లు ఉద్యోగితోనే పోతుంది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు వండి, కడిగి, పిల్లల్ని పెంచిన మనిషి పేరు ఏ కాగితం మీదా ఉండదు. భార్యకు ఇల్లు భర్త వల్ల రావటం, భర్తతో పోవటం మనకంత మామూలైపోయింది. అది అన్యాయమని మా అమ్మకు తోచలేదు. నిజం చెప్పాలంటే ఆనాడు నాకూ తోచలేదు.

తర్వాత అమ్మ మా అన్నయ్య ఇంట్లో ఉంది. పట్నంలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అన్నయ్య చెడ్డవాడు కాదు, వదినె అంతకన్నా కాదు. ఇరుకు కొంపలో ముగ్గురు మంచివాళ్ళు కూడా పోట్లాడుకుంటారు. అమ్మ దిగి వీధిలోకి పోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆ చెయ్యి కోసం అడగటం ఇష్టం లేక ఆమె దిగటం మానేసింది. రెండేళ్ళు కిటికీలోంచి చూసి, చివరికి "నన్ను బోగోలు తీసకపోమ్మా, అక్కడైతే నేల మీదుంటా" అంది. అప్పటి నుంచి నా దగ్గరే ఉంది. ఇప్పుడామెకు 84 ఏళ్ళు.

2019లో మేమిద్దరం పెరంబూరు బయల్దేరాం. దారిలో ఒక స్టేషన్లో రైలు మారాల్సి వచ్చింది. ఆ స్టేషను పేరు చెప్పను, ఎందుకంటే అది ఏ స్టేషనైనా కావొచ్చు. పెట్టె ప్లాట్‌ఫారం చివరికి పోయి ఆగింది. మెట్టు చూస్తే మోకాలికి పైన, రైలు చూస్తే రెండు నిమిషాలే ఆగుతుంది. వెనక నుంచి జనం తోస్తున్నారు. అమ్మ దిగబోయి పడింది. ఎముక విరగలేదు గానీ ధైర్యం విరిగింది. 2020లో రైళ్ళే ఆగిపోయాయి. 2022లో పెరంబూరులో పిన్నమ్మ పోయింది. అమ్మ పోలేదు. పోలేనంది. డెబ్భై ఏళ్ళు తోడబుట్టినదాని ముఖం కడసారి చూడకపోవటానికి కారణం జబ్బు కాదు, డబ్బు కాదు, ఒక మెట్టు.

మిత్రులారా, ఆ మెట్టు మా అమ్మ తలరాత కాదు. ఎవరో కొలతలు వేసి కట్టినదే. మన రైల్వేలో ఎత్తయిన ప్లాట్‌ఫారం పట్టాల మీది నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు ఉంటుంది. మధ్యరకానిది 45 సెంటీమీటర్ల పైచిలుకే. పెట్టె నేల అంతకంటే చాలా ఎత్తు. ఆ తేడాను కుర్రవాడు ఒక్క గెంతులో దాటతాడు. మోకీళ్ళరిగిన అవ్వ దాటలేదు, ఎనిమిది నెలల గర్భిణి దాటలేదు, జువ్వలదిన్నె వైపు నుంచి చేపల గంపతో వచ్చే ఆడమనిషీ కష్టంగానే దాటుతుంది. ప్లాట్‌ఫారం కొలత వేసినవాళ్ళ మనసులో ప్రయాణికుడంటే బలమైన మగవాడే. మనం ఈ సంగతి గుర్తించాలి.

లోపలికి ఎక్కాక సంగతేమిటి? 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు, వృద్ధులకు, గర్భిణులకు కింది బెర్తుల కోటా ఉంది. స్లీపరు పెట్టెకు ఆరో ఏడో బెర్తులు. మంచిదే. అయితే అది రిజర్వేషను చేసుకునేవాళ్ళ మాట. కూలి పనికి, ఆసుపత్రికి అప్పటికప్పుడు బయల్దేరే ఆడవాళ్ళు జనరల్ పెట్టెలోనే ఎక్కుతారు. అక్కడ కోటా లేదు.

ఇక చార్జీ. 58 ఏళ్ళు నిండిన స్త్రీలకు టిక్కెట్టులో సగం, 60 నిండిన పురుషులకు 40 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చి 20న దాన్ని ఆపారు. కరోనా పోయింది గానీ రాయితీ తిరిగి రాలేదు. కనీసం స్లీపరుకూ, థర్డ్ ఏసీకీ పునరాలోచించమని పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పినా కదలిక లేదు. ప్రభుత్వం వాదన ఒకటుంది. నూరు రూపాయల ఖర్చయ్యే ప్రయాణానికి 54 రూపాయలే తీసుకుంటున్నాం, అందరికీ రాయితీ ఇస్తున్నట్టే గదా అంటారు. నా జవాబొకటే. ఎక్కగలిగినవాళ్ళకు అందరితో పాటు అందే రాయితీ వేరు, ఎక్కలేక ఇంట్లో మిగిలిపోయేవాళ్ళను బయటికి తెచ్చే రాయితీ వేరు. సొంత సంపాదన లేని ముసలామెకు టిక్కెట్టు డబ్బులంటే కొడుకును అడగటం. సగం టిక్కెట్టంటే సగం అడగటం. ఈ లెక్క రైల్వే పద్దుల్లో కనపడదు.

చార్జీ తీసేస్తే ఏమవుతుందో బస్సుల్లో చూస్తున్నాం. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' మొదలయింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళు ఉచితంగా తిరుగుతున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఉంది. మా వీధిలో ఒక వితంతువు నెల్లూరు పెద్దాసుపత్రికి మూడేళ్ళు పోకుండా నెట్టుకొచ్చింది, ఇప్పుడు నెలనెలా పోతోంది. కాబట్టి ఉచితం వృథా అనేవాళ్ళ మాట నమ్మొద్దు. అయితే ఆమె బస్సు ఎక్కేదాకా రావాలి గదా! ఇక్కడే ఇంటి సంగతి వస్తుంది.

2020 డిసెంబరు 25 నుంచి మన రాష్ట్రంలో లక్షలాది ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేర ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. పేరు ఆమెది కావటం చిన్న విషయం కాదు, దానికోసం మనం ఏళ్ళ తరబడి అడిగాం. కానీ చవకగా దొరికే భూమి ఊరికి దూరంగానే ఉంటుంది. పట్నాల్లో కట్టిన టిడ్కో ఇళ్ళు నేల అంతస్తు మీద మూడంతస్తులు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో వృద్ధులు, వికలాంగులున్న కుటుంబాలకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. ఈ నియమం మన సంఘాల్లో ఎందరికి తెలుసు? లాటరీ తీసే రోజున ఎవరైనా లేచి అడిగారా? అడగని హక్కు కాగితం మీదే మురుగుతుంది.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు పదివేల దాకా భరణం వేయించుకోవచ్చు. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకొని చూడకపోతే ఆ పత్రం రద్దు చేయించుకోవచ్చు. 19వ సెక్షను ఇంకో మాటంటుంది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒకటి, అందుబాటులో ఉన్న చోట పెట్టవచ్చునని. 'పెట్టవచ్చు' అన్నారు గానీ 'పెట్టాలి' అనలేదు, ఆ లోపం మీద పోరాడాల్సిందే. కానీ 'అందుబాటులో ఉన్న చోట' అనే మాట పట్టుకోండి. ఇల్లూ, దారీ విడదీయరానివని చట్టమే ఒప్పుకుంది.

ఇక్కడ మన సంఘం జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకొని కోడళ్ళను ఇంట్లోంచి వెళ్ళగొట్టే ప్రయత్నాలూ జరిగాయి. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు, గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కును వయోవృద్ధుల చట్టంతో తుడిచెయ్యటానికి వీల్లేదని చెప్పింది. సరైన తీర్పు. కానీ తీర్పులు గదుల్ని పెంచవు. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళను నిలబెట్టి, ఎవరికి హక్కుందో తేల్చుకోమనటం పితృస్వామ్యానికి పాత అలవాటు. అత్తకు తనదైన తలుపు, కోడలికి తనదైన తలుపు ఉండాలి. ఇద్దరూ ఇష్టమైనప్పుడు కలుసుకునేంత దగ్గరలో ఉండాలి.

ఇదంతా కల అనేవాళ్ళకు రెండు ఉదాహరణలు చెబుతాను. సింగపూరులో అడ్మిరాల్టీ రైలు స్టేషను పక్కనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 'కంపుంగ్ అడ్మిరాల్టీ' కట్టింది. ఒకే చోట వృద్ధులకు 104 చిన్న ఇళ్ళు, తిండి అంగళ్ళు, వైద్య కేంద్రం, పసిపిల్లల కేంద్రం. అమెరికాలో ఓక్లాండు నగరం ఫ్రూట్‌వేల్ స్టేషను దగ్గర 1991లో కార్లు నిలిపే పెద్ద కట్టడం కడతామన్నారు. అక్కడి లాటినో పేదలు ఒప్పుకోలేదు, మా ఊరిని స్టేషను నుంచి విడగొట్టొద్దన్నారు. పోరాడి, కార్ల చోటులో ఇళ్ళు, ఆసుపత్రి, గ్రంథాలయం, వృద్ధుల సౌకర్యాలు వచ్చేట్టు చేసుకున్నారు. మొదటిది డబ్బున్న ప్రభుత్వం చేసింది. రెండోది మనలాంటివాళ్ళు అడిగి సాధించుకున్నది.

మరి మన దగ్గర? బిట్రగుంటలో పాడుబడ్డ క్వార్టర్లున్నాయి, ఖాళీ రైల్వే భూములున్నాయి. ఖాళీ భూముల్ని వ్యాపారానికి లీజుకివ్వటానికి 2005లో చట్టం సవరించి రైల్వే ప్రత్యేకంగా ఒక అథారిటీనే పెట్టుకుంది. అంగళ్ళకు ఇవ్వగలిగిన నేలలో కొంత, ఆ రైళ్ళను నడిపినవాళ్ళ ముసలి భార్యలకు, గంపలెత్తి బతికిన బెస్త స్త్రీలకు ఎందుకివ్వకూడదు? నేలమట్టపు ఇళ్ళు, చిన్న వసారా, లోపల మరుగుదొడ్డి, తలుపుకు లోపలి గొళ్ళెం. దానం కాదు, అద్దెకే ఇవ్వమనండి. పెన్షను ఇవాళ 4,000. అందులో నాలుగో వంతు మించకుండా, అంటే వెయ్యి రూపాయల అద్దె పెట్టమనండి. పెన్షను ఇప్పుడు ఇంటికొచ్చి ఇస్తున్నారు, సంతోషమే. కానీ ఆసుపత్రి ఇంటికి రాదు. చెల్లెలి చావిల్లు ఇంటికి రాదు. మనిషే పోవాలి.

అక్కలారా, 1992లో ఈ జిల్లాలో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం మీలో చాలామందికి అనుభవం. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే ఆ ఆడవాళ్ళ వల్లనే. ఆనాడు ముప్పై అయిదేళ్ళున్న మనిషికి ఇవాళ డెబ్భై దగ్గర పడుతోంది. చీపుళ్ళు పట్టుకొని సారా బండ్లకు అడ్డం నిలబడినవాళ్ళు ఇవాళ బస్సు మెట్టు ముందు నిలబడి, ఎవరైనా చెయ్యిస్తారా అని చూస్తున్నారు. వాళ్ళకు దండలు వేయటం తేలిక. వాళ్ళు దండ వేయించుకోవటానికి సభకు ఎలా వచ్చారో అడగటం మనకు గుర్తుండదు.

అందుకని ఒక పని ప్రతిపాదిస్తున్నాను. వచ్చే మూడు నెలల్లో ప్రతి శాఖా ఒక వృద్ధురాలి వెంట ఆమె గడప నుంచి బస్సులోకి, రైల్లోకి నడవాలి. టేపు పట్టుకుపోండి. దూరమెంత, మెట్టు ఎంత ఎత్తు, కూర్చునే బల్ల ఉందా, నీళ్ళున్నాయా, మరుగుదొడ్డి తెరిచి ఉందా, వంతెన ఎక్కకుండా అవతలి ప్లాట్‌ఫారానికి దారుందా - అన్నీ రాయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షను స్టేషన్లలో, బస్టాండ్లలో ఈ సౌకర్యాలు ఉండాలంటోంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, వీటికి సలహాలు చాలవు, తప్పనిసరి ప్రమాణాలు కావాలంది. నెల్లూరు స్టేషనుకు కొత్త రూపమిచ్చే పని చేపట్టారు. అద్దాల ముఖద్వారం ఎంత ఎత్తో కాదు, మెట్టు ఎంత కిందికి వచ్చిందో మనం కొలవాలి. ఆ కొలతలతో కలెక్టరు దగ్గరికీ, రైల్వే డివిజను అధికారుల దగ్గరికీ పోదాం. రాయితీ తిరిగివ్వమందాం, స్టేషను పక్కన నేలమట్టపు అద్దె ఇళ్ళు కట్టమందాం, జిల్లా ఆశ్రమాన్ని ఊరి చివర కాక బస్సు ఆగే చోట పెట్టమందాం.

ఈ సభకు వస్తుంటే మా అమ్మ, "ఏం మాట్లాడతావు మే అక్కడ?" అని అడిగింది. "నీ ప్రయాణం గురించేనమ్మా" అన్నాను. కాసేపు ఊరుకొని, "పెరంబూరు పోయేదానికిప్పుడు ఎవరున్నార్లే" అంది. ఆమెకు మనం ఆలస్యంగా వచ్చాం. మీ ఇంట్లో, మీ వీధిలో ఇంకా ప్రయాణం మిగిలి ఉన్నవాళ్ళున్నారు. టేపు తీసుకొని వాళ్ళ దగ్గరికి పొమ్మని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.