మన బడి మైకు పెట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఇంజనీరు కదా, చదువు విలువ గురించి చెబుతాడని మీరు అనుకుంటుండవచ్చు. నేను మాత్రం మన బడి పాత మైకు పెట్టె గురించి మాట్లాడతాను. అందులో నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉన్నది.

నా తరంవాళ్లకు ఆ పెట్టె గుర్తుండే ఉంటది. అది వాల్వుల ఆంప్లిఫయర్. స్విచ్చి వేశాక అర నిమిషం ఆగాలి. గాజు బుడ్లలో తీగ ఎర్రగా వెలిగితేగాని గొంతు రాదు. మన అటెండర్ తాత తప్ప దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఆయన "హలో, మైక్ టెస్టింగ్" అంటే ఆ మాట వేల్పుకొండ దాకా పోయి తిరిగి వచ్చినట్టుండేది.

1984లో నేను తొమ్మిదో తరగతి. అప్పుడు మనది వరంగల్ జిల్లా. పంద్రాగస్టుకు ముందురోజు సాయంత్రం దేశభక్తి పాటల రికార్డు జోరుగా మోగుతున్నది. తాత చాయ తాగనీకి పోయిండు. హారను వైరు పీకితే ఏమైతదో చూద్దామని పీకిన. పాట ఆగింది, పెట్టెలో టప్పుమన్నది, కాలిన వాసన వచ్చింది. వైరు మళ్లీ పెట్టేసి పారిపోయిన.

తెల్లవారి జెండా పండుగ మైకు లేకుండానే జరిగింది. అందరి ముందు మాటలు పడ్డది తాత. ఆయన తల వంచుకుని నిలబడ్డడు. నేను మూడో వరుసలో నిలబడి నోరు విప్పలేదు.

పోయిన ఏడాది స్టోర్ రూం ఖాళీ చేస్తుంటే ఆ పెట్టె దొరికింది. హైదరాబాద్ తీసుకుపోయిన. మొదట ప్లగ్గు పెట్టనేలేదు. ఇటువంటి పెట్టెలో 400 వోల్టుల దాకా ఉంటది. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉండవచ్చు. అందుకని ముందు రెసిస్టరుతో దాన్ని దించి, మీటరుతో చూసుకుని, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. మన పిల్లలు ఎవరైనా ఈ పనికి దిగితే ఈ ఒక్కమాట మరిచిపోవద్దు.

వాల్వులన్నీ తీసేసి, 60 వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇచ్చిన. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతది. మసకగా వెలిగింది. అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉన్నది. ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయినయి. అవి అట్లనే ఉంటే మాటకంటే బుర్రుమనే మోతే ఎక్కువ వస్తది. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తవి తెచ్చి వేసిన. ఒక పవర్ వాల్వు గాజు లోపలి వెండిపూత తెల్లబడింది, అంటే గాలి చొరబడ్డది. దాని గ్రిడ్డుకు పోయే కండెన్సర్ కూడా లీకవుతున్నది. సున్నా ఉండవలసిన చోట 14 వోల్టులు చూపించింది.

ఇది చూసి, చెడిపోయింది కండెన్సర్ వల్లనే, నావల్ల కాదు అనుకున్న. నలభై ఏండ్ల బరువు దిగినట్టనిపించింది.

తర్వాత వాల్వు సాకెట్ తిప్పి చూసిన. మూడో పిన్ను నుంచి రెండో పిన్నుకు నల్లగా కాలిన గీత ఉన్నది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో ఒక సగం తెగిపోయింది. కండెన్సర్ లీకైతే వాల్వు ఎర్రబడి కాలుతదిగాని, సాకెట్‌లో ఇట్ల నిప్పు దూకదు. జోరుగా పాడుతున్న ఆంప్లిఫయర్‌కు స్పీకర్ భారం తీసేస్తే ఆ శక్తికి పోయే దారి ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి వెయ్యి దాటి ఎగురుతది. ఈ గీత అట్ల వచ్చిందే. వాల్వు ఆంప్లిఫయర్‌ను స్పీకర్ లేకుండా నడపొద్దు అనేది ఈ పనిలో మొదటి పాఠం. అది నాకు పద్నాలుగేండ్లకే తెలియవలసిన పద్ధతిలో తెలిసింది, నేనే వినలేదు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను వరంగల్‌లో మోటార్ వైండింగ్ చేసే ఒకాయన పొరపొర విప్పి, చుట్లు లెక్కపెట్టి, మళ్లీ చుట్టి ఇచ్చిండు. సాకెట్ మార్చిన. ఈఎల్ 34 వాల్వులు కొత్త జత తెప్పించిన. ఒకప్పుడు మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నయి. ఇంకా ఎందుకు చేస్తున్నరంటే గిటార్ వాయించేవాళ్ల కోసం. 1960లలో లండన్‌లో జిమ్ మార్షల్ చేయించిన గిటార్ ఆంప్లిఫయర్లలోనూ ఈ ఈఎల్ 34లే ప్రసిద్ధికెక్కినయి. వాల్వును గట్టిగా తోలితే వచ్చే ఆ గరుకు గొంతు వాళ్లకు కావాలె. మన పెట్టె వాటికి చుట్టమే.

చివరికి లెక్క చూసుకున్న. కాథోడ్ దగ్గర 470 ఓముల మీద 27 వోల్టులు, అంటే సుమారు 57 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో వాల్వు మీద 20 వాట్లు పడుతున్నది. హద్దు 25. ఇంక భయం లేదు.

తాత ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఈ సభలో ముందువరుసలో ఉన్నడు. అన్నా, ఆ రోజు పెట్టె చెడగొట్టింది మీ నాయన కాదు, నేను. ఆయన బతికి ఉండగా వచ్చి చెప్పవలసింది, చెప్పలేదు. ఇప్పుడు ఆయన మాట పడ్డ ఈ మైదానంలోనే, అందరి ముందు చెబుతున్న. నన్ను క్షమించు.

ఇంతసేపూ మీరు నా మాట విన్నది ఆ పెట్టెలోంచే. పొద్దున స్విచ్చి వేసి, అర నిమిషం ఆగి, "హలో, మైక్ టెస్టింగ్" అన్నది నేను కాదు, ఆ అన్న. ఇక మీదట ఈ పెట్టెను బడిలో ఆయన పేరు మీదనే ఉంచాలని సంఘాన్ని కోరుతున్న.