పౌరసత్వం లేని ప్రజలు: రోహింగ్యా శరణార్థులు

జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం వంటి కారణాల వల్ల హింసకు గురవుతామన్న సహేతుకమైన భయంతో స్వదేశం వీడి, తిరిగి వెళ్లలేని వ్యక్తిని 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం శరణార్థిగా గుర్తిస్తుంది. సరిహద్దు దాటకుండా స్వదేశంలోనే చెల్లాచెదురైనవారిని అంతర్గత నిర్వాసితులంటారు.

మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రానికి చెందిన రోహింగ్యాల స్థితి శరణార్థి నిర్వచనానికి స్పష్టమైన ఉదాహరణ. 1982 నాటి పౌరసత్వ చట్టం కింద గుర్తింపు పొందిన జాతుల్లో వారికి చోటు దక్కకపోవడంతో, వారిలో అత్యధికులు రాజ్యరహితులుగా, అంటే ఏ దేశానికీ పౌరులు కానివారుగా మిగిలిపోయారు. 2017 ఆగస్టులో పోలీసు ఠాణాలపై సాయుధ దాడులు జరిగిన తరువాత సైన్యం చేపట్టిన చర్యల్లో ఊళ్లకు ఊళ్లు దగ్ధం కాగా, కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు తరలిపోయారు. అక్కడ వెదురు, టార్పాలిన్లతో కొండవాలుల్లో వెలసిన గుడారాలకు వానాకాలంలో విరిగిపడే కొండచరియలు, ఎండాకాలంలో అగ్నిప్రమాదాలు నిత్య గండాలుగా ఉన్నాయి.

హైదరాబాద్ బాలాపూర్ పరిసరాల్లోనూ రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. భారతదేశం 1951 ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అందువల్ల వారికి విదేశీయులకు సంబంధించిన సాధారణ చట్టాలే వర్తిస్తాయి.

ప్రాణాపాయం ఉన్న చోటికి శరణార్థిని బలవంతంగా తిప్పి పంపరాదన్నది ఆ ఒప్పందపు మూలసూత్రం. ఏటా జూన్ 20న జరిగే ప్రపంచ శరణార్థుల దినోత్సవం, ఆ సూత్రాన్ని ప్రభుత్వాలకే కాక పౌరసమాజానికీ గుర్తుచేస్తుంది.