హాస్యచిత్రంలో వాస్తవికత - ‘మిస్సమ్మ’

హాస్యానికి ఆయుర్దాయం తక్కువ అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. కన్నీరు పెట్టించిన కథ తరతరాలకు నిలుస్తుందనీ, నవ్వించిన కథ ఆ తరంతోనే వాడిపోతుందనీ సాధారణంగా అనుకుంటాము. తాతల నాటి పరిహాసం మనుమలకు చప్పిడిగా తోచడం అందరూ ఎరిగినదే. అటువంటప్పుడు, 1955వ సంవత్సరం జనవరి 12వ తేదీన విడుదలైన ఒక తెలుపు నలుపుల చిత్రం డెబ్బై ఏండ్లు గడచిన పిమ్మట కూడ ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చుండబెట్టి నవ్విస్తున్నదంటే, దానికి కారణమేమై ఉంటుందో విచారించడం తగిన పని. ఆ చిత్రం విజయా వారి ‘మిస్సమ్మ’.

కారణాలు చెప్పవలసి వస్తే చాలమంది సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతాన్ని చెబుతారు. పింగళి నాగేంద్రరావుగారి పాటలను చెబుతారు. మార్కస్ బార్ట్లీగారు పట్టి ఇచ్చిన వెన్నెలను చెబుతారు. ఎల్.వి. ప్రసాద్‌గారి దర్శకత్వాన్నీ, రామారావు, సావిత్రి, నాగేశ్వరరావు, జమున, రంగారావు, రేలంగి, రమణారెడ్డి మొదలైనవారి నటననూ చెబుతారు. వీటిలో ఏదీ కాదనరానిది. అయితే మంచి సంగీతమూ మంచి నటులూ ఉండి కూడ మరుగున పడిన చిత్రాలు మనకు కొన్ని కావు. కనుక ‘మిస్సమ్మ’ నిలుకడకు మూలం మరొకచోట ఉన్నదని మా నమ్మకం. ఆ మూలం ఎక్కడ ఉన్నదో మాకు తెలియజెప్పినది ఏ విమర్శకుడూ కాదు; తిరుపతిలో మా పొరుగింటి అమ్మాయి.

ఆ అమ్మాయి బి.ఏ., బి.ఎడ్. చదివినది. ఉపాధ్యాయ నియామకాల పరీక్ష కోసం చాల కాలంగా చదువుతున్నది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట అందరితో పాటు కూర్చుండి ఆ చిత్రం చూచినది. అందరమూ నవ్వినప్పుడు తానూ నవ్వినది. కాని అప్పాపురం బడికి పంతులూ పంతులమ్మా కావాలన్న పత్రికా ప్రకటన కథలోనికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆపి, “జీతమెంత చిన్నాయనా?” అని అడిగినది. మేము ఆ చిత్రాన్ని ఎన్నిమార్లు చూచినామో లెక్క లేదు. ఆ ప్రశ్న మాకెన్నడూ తోచలేదు. అప్పటికే నెలజీతం దొరికినవారమై చూచినందువల్ల కాబోలు!

ఆ ప్రశ్నను చేతబట్టుకొని కథను మరల ఒకసారి తలచి చూతము. ఎం.టి. రావు బి.ఏ. చదివి పని లేనివాడు. ఆ పేరు గబగబా పలికితే ‘ఖాళీ’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట వినబడుతుంది. అతని జేబు స్థితి కూడ అదే. మేరీ కూడ బి.ఏ. చదివినది. ఆమె ఇంటివారు డేవిడ్ అనే వానికి బాకీ పడి ఉన్నారు. ఆ బాకీ ఆసరాగా ఆమెను పెండ్లాడవలెనని అతని పట్టు. అప్పాపురం జమీందారు గోపాలంగారు చిన్ననాడే తప్పిపోయిన తన పెద్దకూతురి పేరిట ఒక బడి నడుపుతున్నారు. ఆ బడికి పట్టభద్రులైన ఉపాధ్యాయులు కావాలి. అయితే వారు భార్యాభర్తలై ఉండాలి. పట్టం ఇద్దరికీ ఉన్నది. పెండ్లి మాత్రం జరగలేదు. హిందువైన రావూ, క్రైస్తవురాలైన మేరీ, ఆలుమగలమని చెప్పుకొని ఆ ఊరు చేరుతారు.

ఈ అబద్ధం విలాసం కోసం ఆడినది కాదు. ప్రేమ కోసం ఆడినది కూడ కాదు. ఒకరికి కూడు కావాలి, మరొకరికి అప్పు తీరాలి. హాస్యకథలలో మారువేషాలూ మారుపేర్లూ కొల్లలుగా కనబడతాయి. వేషం విప్పిన మరుక్షణాన వాటి బలం పోతుంది. ఇక్కడ వేషం విప్పితే పోయేది ఉద్యోగం. కనుక ప్రతి హాస్యసన్నివేశం వెనుకా ఒక భయం దాగి ఉన్నది. ఆ భయమే నవ్వును చప్పబడనీయకుండ కాపాడుతున్నది.

చదువుకొని పని దొరకని యువకుని కథ తెలుగు తెరకు అప్పటికే కొత్త కాదు. 1939లో బి.ఎన్. రెడ్డిగారు తీసిన ‘వందేమాతరం’ చిత్రానికీ అదే ఇతివృత్తం. ఆ నిరుద్యోగి పాత్ర ధరించినది, చిత్తూరు శ్రీరామవిలాస సభ నాటకాలలో పేరు గడించి, ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా చేసికొన్న నాగయ్యగారు. ఆ కథలో నాయకుని కష్టం కన్నీటితో సాగుతుంది. చివరకు లాటరీ బహుమతి వచ్చి అతని దశ తిరుగుతుంది. పదహారు సంవత్సరాల పిమ్మట బి.ఎన్. రెడ్డిగారి తమ్ముడు నాగిరెడ్డిగారు, చక్రపాణిగారితో కలిసి ‘మిస్సమ్మ’ నిర్మించినారు. కడప జిల్లాలో పుట్టిన అన్నదమ్ములిద్దరూ ఒకే సమస్యను తీసికొన్నారు. అన్న దానిని ఏడ్చి చూపించినారు, తమ్ముడు నవ్వి చూపించినారు. మా దృష్టిలో తమ్ముని చిత్రమే ఎక్కువ వాస్తవం. లాటరీ లక్షమందిలో ఒకనికి తగులుతుంది. ఉద్యోగం కోసం ఒక చిన్న అబద్ధం ఆడదామా అన్న ఆలోచన మాత్రం లక్షమందికీ కలుగుతుంది.

ఆ కాలాన్ని కూడ గమనించవలసి ఉన్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది. పని కావలసినవారు రైలెక్కి మద్రాసు పోవడం ఈ ప్రాంతంలో వాడుక. మదనపల్లెలో 1915 నాటికే థియొసాఫికల్ కళాశాల వెలసినది. తిరుపతిలో దేవస్థానం వారు 1945లో ఆర్ట్స్ కళాశాల నెలకొల్పినారు. 1954 సెప్టెంబరు 2వ తేదీన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైనది. నాలుగు నెలలు తిరిగేసరికి ‘మిస్సమ్మ’ వచ్చినది. ఇంటికొక పట్టభద్రుడు కావాలన్న కోరిక ఊళ్లలో మొలకెత్తుతున్న రోజులవి. సరిగా ఆ సమయంలోనే, పట్టం చేత పట్టుకొని పొట్ట చేత పట్టుకొన్న ఇద్దరిని చక్రపాణిగారు మన ముందు నిలబెట్టినారు.

ఈ కథ పుట్టిల్లు వంగదేశం. రవీంద్రనాథ మైత్రాగారి నాటకం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ దీనికి ఆధారం. 1935లో అది వంగభాషలోనే చిత్రంగా కూడ వచ్చినది. తెలుగుతో పాటు 1955లోనే అరవంలో ‘మిస్సియమ్మ’గా, 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గా ఈ కథ ప్రేక్షకుల ముందుకు వచ్చినది. భాష మారినప్పుడెల్లా పాటలు మారినవి, మాటలు మారినవి. చదువు ఉండి పని లేని బాధను మార్చవలసిన అవసరం మాత్రం ఎక్కడా కలుగలేదు.

ఇక ప్రేమ సంగతి. మన చిత్రాలలో నాయికానాయకులు తొలిచూపులోనే మనసు ఇచ్చుకోవడం ఆచారం. మేరీ మొదట రావుకు మనసు ఇవ్వదు సరికదా, మంచిమాట కూడ ఇవ్వదు. చీటికిమాటికి చిరాకు పడుతుంది. సావిత్రిగారి ముఖంలోని ఆ చిరాకును చూచి మనం నవ్వుతాము. కాని కాస్త నిదానించి చూస్తే ఆ కోపం న్యాయమైనదే. గుట్టు రట్టయితే రావుకు పోయేది ఉద్యోగం ఒక్కటే. ఆమెకు ఉద్యోగంతో పాటు పేరు కూడ పోతుంది. ఒకే అబద్ధానికి ఇద్దరూ చెల్లించే మూల్యం సమానం కాదు. ఈ తేడాను చిత్రం ఉపన్యాసంగా చెప్పలేదు. ఆమె కోపంలో చూపి ఊరుకొన్నది. పెండ్లి కాని ఆడపిల్ల ఒంటరిగా ఉంటానంటే వెనుకాముందాడే ఇంటి యజమానులు నేటికీ ఉన్నారు. ఆ అనుభవం కలిగిన పిల్లలకు మేరీ కోపం వింతగా తోచదు.

రావు సీతకు సంగీతం నేర్పడం మొదలుపెట్టినప్పుడు మేరీకి కలిగే అసూయ కూడ అట్టిదే. భార్యను కానని పంతం పట్టిన మనిషికి, భార్యకు మాత్రమే తగిన బాధ కలుగుతుంది. అబద్ధాన్ని రోజూ అభినయించగా అభినయించగా అది అలవాటై, అలవాటు అనురాగమైనది. ఒకే కప్పు క్రింద, ఒకే బడిలో, ఒకరి మాట ఒకరు కాచుకొంటూ పనిచేసినవారి నడుమ పుట్టిన స్నేహమది.

పనిలో నుండి పుట్టిన ఇటువంటి హాస్యం మన దేశానికే పరిమితం కాదనడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి చెబుతాము. 1988లో అమెరికాలో ‘బుల్ డర్హం’ అనే చిత్రం వచ్చినది. అది బేస్‌బాల్ ఆటగాళ్ల ప్రేమకథ. ఆ ఆట మన క్రికెట్టుకు దూరపు చుట్టం. చిత్రంలోని జట్టు పెద్ద జట్టు కాదు. ఉత్తర కరోలినా రాష్ట్రంలోని డర్హం అనే ఊరి చిన్న జట్టు. క్రాష్ డేవిస్ అనే పాత కాపు జీవితమంతా చిన్న జట్లలోనే ఆడినాడు. దేశంలోకెల్లా పెద్ద పోటీలలో అతడు ఉన్నది ఇరువది యొక్క రోజులు మాత్రమే. బంతి విసరడంలో మెరుపువంటి ఒక కుర్రవానికి బుద్ధీ పద్ధతీ నేర్పడానికి అతనిని ఆ ఊరికి పంపుతారు. అంటే అతడు కూడ ఒక విధమైన బడిపంతులే. ఆ ఇద్దరి నడుమ, కళాశాలలో ఇంగ్లీషు చెప్పే ఆనీ అనే స్త్రీ ఉన్నది.

చిత్రం వ్రాసి దర్శకత్వం వహించిన రాన్ షెల్టన్ స్వయంగా అయిదేండ్లు అటువంటి చిన్న జట్లలో ఆడినవాడు. అందుచేత ఆయనకు ఆ మైదానపు గుట్టుమట్లు తెలుసు. ఒక సన్నివేశంలో ఆట మధ్యలో ఆటగాళ్లందరూ ఒకచోట గుమికూడుతారు. ఏదో గొప్ప వ్యూహం పన్నుతున్నారని చూచేవారు అనుకుంటారు. వారు ఆలోచిస్తున్నది తోటివాని పెండ్లికి ఏమి కానుక ఇవ్వాలా అన్న సంగతి! నవ్వు వస్తుంది. ఆ వెంటనే, పనిచేసే చోట మనుషులు నిజంగా ఇట్లాగే ఉంటారు గదా అనిపిస్తుంది. కుర్రవాడు పై జట్టుకు పోగానే, నేర్పిన క్రాష్‌తో పని తీరినదని అతనిని తొలగిస్తారు. చప్పట్లు లేవు, సన్మానం లేదు. కథానాయకుని గెలుపుతో ముగించే క్రీడాచిత్రాలు మరుగున పడుతుండగా, ఈ చిత్రం నేటికీ ఆదరణ పొందుతున్నదంటే కారణం ఇదే. దానిలో ఆట ఒక అద్భుతం కాదు, ఒక ఉద్యోగం. డర్హం మైదానానికీ అప్పాపురం బడికీ ఉన్న చుట్టరికం అది.

అయితే ‘మిస్సమ్మ’లో లోపం లేదని మేము అనము. చివరకు మేరీయే, ఏనాడో కాకినాడలో తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని రాజు అపరాధ పరిశోధన వల్ల తేలుతుంది. దానితో ఇద్దరి మతాల నడుమ ఉన్న చిక్కు తనంత తానే విడిపోతుంది. మేరీ మేరీగానే ఉండి రావును పెండ్లాడగలదా అన్న ప్రశ్నను అంతవరకు ధైర్యంగా నడచిన కథ చివరి మలుపులో తప్పించుకొన్నది. బీదరాలు జమీందారు బిడ్డ అయినందున జీతం ప్రశ్న కూడ తీరిపోయినది. ‘వందేమాతరం’లోని లాటరీ వంటిదే ఇదీనూ. వాస్తవికతను మెచ్చుకొనేవారు ఈ సంగతిని మరుగుపరచకూడదు. కాని ప్రేక్షకులు గుర్తు పెట్టుకొన్నది ఆ ముగింపును కాదు. గుమ్మంలో నిలబడి కస్సుమనే మేరీనీ, ఓర్పుతో చిరునవ్వు నవ్వే రావునూ గుర్తు పెట్టుకొన్నారు. నిజమేదో జనం తామే ఏరుకొన్నారు.

మరల మా పొరుగింటి అమ్మాయి వద్దకు వత్తము. 2025లో రాష్ట్రప్రభుత్వం 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన ఇచ్చినది. పరీక్షకు నిలిచినవారు మూడు లక్షలకు పైబడినారు. ఆ లక్షలలో ఆమె కూడ ఒకతె. మొదటి విడతలో ఆమెకు ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక చిన్న ప్రైవేటు బడిలో చెబుతూ, సాయంకాలం పుస్తకాలు ముందు వేసికొని కూర్చుంటున్నది. ఆనాడు చిత్రం ముగిసిన పిమ్మట ఆమె అన్న మాట మరొకటి ఉన్నది. “వాళ్లు అబద్ధం చెప్పినారు గాని, పాఠం మాత్రం బాగానే చెప్పినారు గదా!” అని.

ఆ మాటలో ఆమె తన పక్షాన కూడ ఏదో చెప్పుకొన్నదని మాకు తోచినది. పెండ్లి విషయంలో వారు బొంకినారు. చదువు విషయంలో బొంకలేదు. వారి పట్టాలు నిజమైనవి, పని చేయాలన్న కోరిక నిజమైనది. లోకం అడిగిన అక్కరలేని అర్హత ఒక్కటే వారికి లేకపోయినది. శక్తి ఉండీ వాకిట నిలబడవలసి వచ్చిన ప్రతివానికీ ఆ కథలో చోటు దొరుకుతుంది. ఉద్యోగం కోసం ఎదురుచూచే పిల్లలు ఇంటింటా ఉన్నంతకాలం ‘మిస్సమ్మ’ మనకు పాత చిత్రం కాదు. ఈమారు ఆ చిత్రం చూచేటప్పుడు, మా ఇంట జరిగినట్లే మీ ఇంట కూడ ఎవరైనా ఒకరు జీతమెంతని అడిగితే, శ్రోతలు నవ్వి ఊరుకొనక, ఆ అడిగినవారిని ఒక్క క్షణం ఆదరంగా చూడవలసిందని మా మనవి.